అరిగిన ఉలి

ఆడవాళ్ళ సరదాలకు లోకం ఎప్పుడో ఒక జాబితా రాసి పెట్టింది. అల్లికలు, కుట్లు, ముగ్గులు, బొమ్మల కొలువుకు బొమ్మలు కూర్చడం. మరీ కాదంటే తపాలా బిళ్ళలు. ఆ జాబితాలో లేని సరదా ఏదైనా పెట్టుకున్నామా, ఇంటికొచ్చినవాళ్ళు ముందు నా ముఖం వంకా, తర్వాత మావారి ముఖం వంకా చూస్తారు, పాపం ఎలా వేగుతున్నారో అన్నట్టు. నా సరదా పాత వడ్రంగి పనిముట్లు. ఉలులు, రంపాలు, బాడిశలు, చిత్రికలు. పాత ఇనుము కొట్లలోనూ, పడగొట్టిన ఇళ్ళ సామాను అమ్మేచోట్లా వెతికి తెచ్చుకుంటాను. తెచ్చి అద్దాల బీరువాలో పెట్టి ఊరుకోను. తుప్పు వదిలించి, సానపట్టి, వాటితో ఇంట్లోకి కావలసిన చిన్నా చితకా వస్తువులు చేసుకుంటాను. ఇంతవరకూ రెండు పీటలు, గరిటెలు తగిలించే చెక్క ఒకటి, దేవుడి మందిరానికి చిన్న తలుపు అయ్యాయి. "అందరిళ్ళలో బీరువా తలుపు తీస్తే కర్పూరం వాసన వస్తుంది, మా ఇంట్లో కిరసనాయిలు వాసన వస్తుంది" అని మావారు వచ్చినవాళ్ళతో చెబుతుంటారు. అందులో ఫిర్యాదుకంటే గొప్పే ఎక్కువని నా అనుమానం.

ఇది నా ఒక్కదాని పిచ్చి అనుకోకండి. అమెరికాలో పాత పనిముట్ల అభిమానులు 1933లోనే ఒక సంఘం పెట్టుకున్నారు. ఇంగ్లండులో 1983లో ఒకటి వెలిసింది. జపానులోని కోబె నగరంలో 1984 నుంచి అచ్చంగా వడ్రంగి పనిముట్లకే ఒక మ్యూజియం నడుస్తోంది. ఈ సరదాపరులు రాసినవి చదువుతూ, నా దగ్గరున్నవాటిని తిరగేసి చూసుకుంటూ ఉంటే నాకు తోచిందేమిటంటే, పాత పనిముట్ల చరిత్ర మిగిలినవాటి కథ మాత్రమే కాదు, మిగలనివాటి కథ కూడా. అదెలాగో చెబుతాను.

పొడుగు ఉలి, పొట్టి ఉలి

మా వీధి చివర ఒక ముసలి వడ్రంగి మేస్త్రిగారున్నారు. ఇప్పుడు పని మానేశారు. నా దగ్గర అప్పటికి రెండు ఉలులుండేవి. ఒకటి జానెడు పొడుగున తళతళలాడుతూ ఉంటుంది. రెండోది వాడి పారేసిన పెన్సిలు ముక్కంత. రెండూ ఆయన ముందు పెట్టి "వీటిలో ఏది మంచిది మేస్త్రిగారూ?" అని అడిగాను. ఆయన పొడుగుదాని వంక చూడనైనా చూడలేదు. పొట్టిదాన్ని బొటనవేలిమీద ఆనించి చూసి "ఇదండి. ఇది అన్నం పెట్టిన ఉలండి. ఆ పొడుగుది ఎవరో కొని దాచుకున్నదండి. దాంట్లో సరుకుంటే ఇంత పొడుగు మిగల్నిస్తారేటండీ?" అన్నారు.

ఎంత మాట! ఆలోచించి చూస్తే మన వంటింట్లో ఉన్న సంగతే. మా అమ్మమ్మ కత్తిపీట ఆకు, మా చిన్నతనం నాటికే అరిగి అరిగి నెలవంకలా మిగిలింది. దాన్ని ఎవరూ మ్యూజియానికి అడగలేదు. అటకమీది పెళ్ళినాటి కత్తిపీట మాత్రం ఇవాళ్టికీ నిండు చంద్రుడే.

ఉలి విషయంలో ఇంకో కిటుకుంది. పాతకాలపు ఉలి మొత్తం ఉక్కు కాదు. ఉక్కు ఖరీదు కనుక, ఒళ్ళంతా మెత్తని ఇనుముతో చేసి, కోసే వైపున మాత్రం ఉక్కు పలచని రేకులాగా కొలిమిలో అతికేవారు. సానపట్టిన ప్రతిసారీ ఆ ఉక్కు కాస్త కాస్త తరిగిపోతుంది. అది అయిపోయిన రోజున ఉలి ఆయువు తీరినట్టే. అంటే మంచి ఉక్కు, మంచి పనివాడి చేతిలో పడితే, ఒక జీవితకాలంలో అరిగి మాయమైపోతుంది. మిగిలి మనదాకా వచ్చేవి చాలావరకు రెండో రకంవి, అంటే ఎవరో కొని దాచుకున్నవి. పాత పనిముట్లను చూసేటప్పుడు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే చాలు, చరిత్ర ఇంకో రకంగా కనిపిస్తుంది.

బోర్లించిన చిప్సు పీట

పనిముట్లలో నాకు ముద్దు చిత్రిక. ఈ కాలం పిల్లలకు "వాక్యాన్ని చిత్రిక పట్టాడు" అన్న మాట తెలుసుగాని చిత్రిక అంటే ఎలా ఉంటుందో తెలియదు. భాష దాచుకుంది, చేతులు మరిచిపోయాయి.

ఎలా ఉంటుందంటారా? అరటికాయ చిప్సు గీసే పీట ఉంటుంది చూడండి, నడుమ ఏటవాలుగా కత్తి. ఆ పీటను బోర్లించి కాయమీద నడిపితే అదే చిత్రిక. చదునైన చెక్క దిమ్మ, దానికొక గాడి, గాడిలో వెడల్పాటి కత్తి, కత్తి కదలకుండా బిగించిన చెక్క చీల. ఉలితో చెక్కేటప్పుడు ఎంత లోతుకు పోవాలో చెయ్యి నిర్ణయించాలి. చిత్రికలో ఆ బాధ్యత దిమ్మ తీసుకుంటుంది. పదును కుదిరిందా, సుయ్యిమని చప్పుడు చేస్తూ చెక్కనుంచి పొర లేస్తుంది. ఆత్రేయపురం పూతరేకు తెలుసుగా, అచ్చం అలాగే, అవతలి వెలుతురు కనిపించేటంత పలచగా. ఉప్పుకాగితంతో గంటసేపు రుద్దినా రాని నున్నదనం నాలుగు తోపుల్లో వస్తుంది.

ఇంత తేలికైన ఉపాయం మనిషికి తట్టడానికి వేల ఏళ్ళు పట్టింది. పిరమిడ్లు కట్టిన ఈజిప్టు వడ్రంగులకు రంపాలున్నాయి, ఉలులున్నాయి, బాడిశలున్నాయి, చిత్రిక లేదు. బాడిశతో చెక్కి, ఇసుకరాతితో రుద్ది నునుపు చేసుకునేవారు. చిత్రిక మనకు స్పష్టంగా కనబడేది రోమనుల కాలంలోనే. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిదలో కూరుకుపోయిన పాంపే నగరంలో చిత్రికలు దొరికాయి. రెండువేల ఏళ్ళు గడిచినా దాని స్వరూపం ఇప్పటి మన వడ్రంగి ఒక్క చూపులో పోల్చుకునేటట్టే ఉంది.

పాంపేలో బూడిద కాపాడితే, ఇంగ్లండులో బురద కాపాడింది. 1545 జూలై 19న ఎనిమిదో హెన్రీ రాజుగారి యుద్ధనౌక 'మేరీ రోజ్' తీరం దగ్గరే మునిగిపోయింది. 1982 అక్టోబరు 11న ఆ ఓడను సముద్రం అడుగునుంచి పైకి తీశారు. అందులో ఓడ వడ్రంగుల సామాను ఉంది. కొడతులు, చిత్రిక దిమ్మలు, ఉలుల పిడులు. ఇనుమంతా ఉప్పునీళ్ళు తినేశాయి, కర్ర మాత్రం మిగిలింది. ఇప్పుడవి పోర్ట్స్‌మత్ మ్యూజియంలో ఉన్నాయి. కత్తి లేని పిడిని చూస్తే మనిషి లేని చొక్కాను చూసినట్టుంటుంది. కాని ఆ పిడులు నిజంగా పని మధ్యలో ఆగిపోయినవి. ఎవరూ దాచాలని దాచినవి కావు.

తండ్రి పెట్టిన సారె

దాచిన కథ వేరే ఉంది. ఇంగ్లండులో ఛాథమ్ అనే ఊళ్ళో జోసెఫ్ సీటన్ అనే చెక్కపని పెద్దాయన ఉండేవాడు. 1796 డిసెంబరులో ఆయన తన కొడుకు బెంజమిన్‌కోసం లండనులో క్రిస్టఫర్ గేబ్రియెల్ అనే వ్యాపారి దగ్గర పూర్తి పనిముట్ల జత కొన్నాడు. కాపురానికి వెళ్ళే పిల్లకు సారె పెట్టినట్టు, ఏ ఒక్కటీ తక్కువ కాకుండా. బెంజమిన్ మర్నాటి ఏడాది, 1797లో, వాటిని పెట్టుకోవడానికి స్వయంగా ఒక పెట్టె చేశాడు. బయటికి మామూలు పెట్టె. లోపల మాత్రం అరలు, సొరుగులు, పొదుగుడు పనితనం. ఆపైన కూర్చుని ఏయే పనిముట్టు ఉంది, దేని ఖరీదెంత అని పట్టిక రాసుకున్నాడు.

ఆ పెట్టె, పనిముట్లు, పట్టిక మూడూ ఇవాళ రాచెస్టర్‌లోని గిల్డ్‌హాల్ మ్యూజియంలో ఉన్నాయి. పాత పనిముట్ల సరదా ఉన్నవాళ్ళకు అది కాశీయాత్ర. కారణమేమిటంటే, ఆ సామానులో చాలావాటిని బెంజమిన్ పెద్దగా వాడిన జాడలేదు. అందువల్ల 18వ శతాబ్దంలో కొత్త ఉలి ఎంత పొడుగుండేది, కొత్త రంపం పళ్ళు ఎలా కోసేవారు అన్న ప్రశ్నలకు జవాబు చెప్పగలిగేది ఆ పెట్టే. ఆ రోజుల్లో బాగా పనిచేసిన వడ్రంగులు వందలూ వేలూ ఉండి ఉంటారు. వాళ్ళ ఉలులు అరిగిపోయాయి, వాళ్ళ పేర్లూ పోయాయి. పనిముట్లను అంతగా అరగనివ్వని బెంజమిన్ పేరే చరిత్రకెక్కింది! కట్టకుండా దాచిన పట్టుచీర మనవరాలికి చేరినట్టు. కట్టుకుని తిరిగిన నేతచీరలు చివరికి మసిగుడ్డలైపోతాయి గదా.

అలాగని బెంజమిన్‌ను తీసిపారేయడానికి లేదు. దాచినవాడు లేకపోతే మనకు కొలతే లేదు. దాచినదానివల్ల కొలత తెలుస్తుంది, అరిగినదానివల్ల పని తెలుస్తుంది. రెండూ కావలసినవే.

ఉక్కు వెనక ఊపిరులు

బెంజమిన్ రంపాలమీద కెన్యన్ అనే షెఫీల్డ్ తయారీదారు ముద్ర ఉంది. మన వైపుకూడా పాత రంపాలమీద షెఫీల్డ్ పేరు కనబడుతూనే ఉంటుంది. మేస్త్రిగారు దాన్ని 'సీమ సరుకు' అంటారు, సీమచింత అన్నట్టే.

షెఫీల్డ్‌కు ఆ పేరు రావడానికి ఒక గడియారాల మేస్త్రి కారణం. బెంజమిన్ హంట్స్‌మన్ అని, ఆయనకు గడియారాల స్ప్రింగులకు నమ్మదగ్గ ఉక్కు దొరికేది కాదు. 1740లలో మూసలో పెట్టి ఉక్కును పూర్తిగా కరిగించే పద్ధతి సాధించాడు. అంతకుముందు ఉక్కు ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా ఉండేది. కరిగిన ఉక్కు అంతటా ఒకే తీరు. దాంతో షెఫీల్డ్ ఉలులూ రంపాలూ ప్రపంచమంతా ప్రయాణం కట్టాయి.

ఆ తళతళ వెనక ఊపిరులున్నాయి. తిరిగే సానరాళ్ళమీద కత్తులు పట్టే పనివాళ్ళ ఊపిరితిత్తుల్లో రాతిపొడి చేరేది. చాలామంది నడివయసు రాకుండానే పోయేవారు. రంపాలకు పదును పెట్టే ఆకురాళ్ళు తయారుచేయడం ఇంకో పని. ఆకురాయిమీద ఒక్కొక్క గీతా చిన్న ఉలితో, సుత్తితో చేత్తో కొట్టవలసిందే. 19వ శతాబ్దంలో ఆ పని ఆడవాళ్ళు కూడా చేసేవారు. ఇంటిపక్క కొట్టంలో కూర్చుని, వంటా పిల్లలా చూసుకుంటూ. దెబ్బకు ఎగరకుండా ఆకురాయి కింద సీసం దిమ్మ పెట్టుకునేవారు. ఆ సీసం పొడి వేళ్ళనుంచి అన్నంలోకి, అన్నంనుంచి ఒంట్లోకి. చేతులు పట్టు తప్పి వాలిపోయేవి. సీటన్ పెట్టెమీద పేరున్నట్టు వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. నా దగ్గర అరిగిన పాత ఆకురాయి ఒకటుంది. గీతలు మిషనువా చేత్తో కొట్టినవా అని పరకాయించి చూసినప్పుడల్లా, ఒక గీతకూ ఇంకో గీతకూ మధ్య ఏ పిల్ల ఏడిచిందో, ఏ అన్నం పొంగిందో అనిపిస్తుంది.

హంట్స్‌మన్ మాట వచ్చింది గనుక మన మాటకూడా చెప్పుకోవాలి. మూసలో ఉక్కు చేయడం మన తెలంగాణకు హంట్స్‌మన్‌కంటే శతాబ్దాల ముందే తెలుసు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో చేసిన ఉక్కు కోసం పారశీక దేశంనుంచి వర్తకులు వచ్చి కూర్చుని కొనుక్కుపోయేవారు. నీళ్ళమీది అలల్లాంటి చారలున్న డమాస్కస్ కత్తులు అలాంటి ఉక్కుతో చేసినవే. ఇంగ్లీషువాళ్ళు దాన్ని 'ఊట్జ్' అన్నారు. అది మన 'ఉక్కు' అన్న మాటకు వచ్చిన రూపమేనని పండితులంటారు. 1795లో లండన్ రాయల్ సొసైటీలో దానిమీద పరిశోధన పత్రం చదివారు. తర్వాత మైకేల్ ఫారడే అంతటివాడు ఆ ఉక్కు రహస్యం తేల్చాలని ప్రయోగాలు చేశాడు.

ఇంతా చేస్తే, చౌక సీమ ఉక్కు వచ్చిపడి, 19వ శతాబ్దం ముగిసేనాటికి మన కొలుములు చల్లారిపోయాయి. కత్తులు మ్యూజియాల్లో భద్రంగా ఉన్నాయి. చేసే విద్య పోయింది. 1990లలో అమెరికాలో జాన్ వెర్‌హోవెన్ అనే లోహశాస్త్రజ్ఞుడూ, ఆల్ఫ్రెడ్ పెండ్రే అనే కమ్మరీ కలిసి ఏళ్ళతరబడి ప్రయోగాలు చేస్తేగాని ఆ చారలు మళ్ళీ తెప్పించడం సాధ్యం కాలేదు. తాతలు చేత్తో చేసినదాన్ని మళ్ళీ కనుక్కోవడానికి ఒక ప్రొఫెసరూ, ఒక ప్రయోగశాలా కావలసి వచ్చిందన్నమాట. వస్తువు దాచినంతమాత్రాన విద్య దాగదు. ఆ సంగతి మన ఉక్కే చెబుతోంది.

ఒకటో నంబరు గారాబం

అమెరికా సంగతికొస్తే అక్కడి పిచ్చి మరో రకం. లియొనార్డ్ బెయిలీ అనే ఆయన ఇనుప చిత్రిక కనిపెట్టాడు. చెక్క చిత్రికలో కత్తి కాస్త దిగాలంటే సుత్తితో తట్టాలి, ఎక్కువ దిగితే వెనకనుంచి తట్టాలి. బెయిలీ చిత్రికలో ఇత్తడి చక్రం ఒకటి తిప్పితే చాలు, కుట్టుమిషను దారం బిగువు సరిచేసుకున్నట్టు. ఆ పేటెంట్లను స్టాన్లీ కంపెనీ 1869లో కొనుక్కుని, పొట్టినుంచి పొడుగుకు 1నుంచి 8దాకా నంబర్లు వేసి అమ్మింది. ఒకటో నంబరు జానెడైనా ఉండదు. ఎనిమిదోది రెండడుగులు.

ఇప్పుడు పోగుచేసేవాళ్ళ బజారులో ఏది ప్రియమనుకున్నారు? ఒకటో నంబరు! చేతికి సరిగా అందదు, దాంతో చేసే పనీ తక్కువే. అందుకే ఆ రోజుల్లో కొన్నవాళ్ళు తక్కువ, అందుకే ఇవాళ అరుదు, అందుకే ఆ ధర. ఇళ్ళకూ బళ్ళకూ తలుపులూ బల్లలూ చేసిపెట్టిన 4, 5 నంబర్లు మాత్రం కూరగాయల బేరంలా దొరుకుతాయి. లోకరీతే అంత. చాకిరీ చేసిన కోడలికంటే గారాల కూతురికే విలువ. సానపట్టి పనిచేయదలచినవాళ్ళకు మాత్రం ఇది అదృష్టం. నేనైతే ఎన్నడూ ఒకటో నంబరుకు ఆశపడలేదు.

మెర్సర్ గారి కాంక్రీటు కోట

పాత పనిముట్లకు ఇంత గౌరవం తెచ్చినవాళ్ళలో ముందు చెప్పుకోవలసిన మనిషి హెన్రీ మెర్సర్. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, డోయ్ల్స్‌టౌన్‌లో 1856లో పుట్టాడు. లా చదివాడు, ఆ తర్వాత పురావస్తుశాస్త్రంలో పడి, రాతియుగం మనుషుల గుహలు తవ్వాడు. 1897లో ఒకరోజు పొయ్యిదగ్గర వాడే పాత పట్టకార్లేవో కావాలని పాతసామాన్ల వర్తకుడి దగ్గరకు వెళ్ళాడు. అక్కడ రాట్నాలు, ఉప్పుపెట్టెలు, గడ్డితో అల్లిన తేనెపట్టు బుట్టలు, తాళ్ళు పేనే యంత్రాలు కుప్పగా పడి ఉన్నాయి. మెర్సర్‌కు అప్పుడు తట్టింది: వేల ఏళ్ళ కిందటి రాతి పనిముట్టుకోసం నేల తవ్వుతున్నాం, మన తాతలు నిన్నటిదాకా వాడినవి ఇక్కడ చెత్తలో పోతున్నాయి గదా అని.

అంతే, ఊళ్ళమీద పడ్డాడు. అటకలూ, గొడ్లపాకలూ, వేలం పాటలూ ఏవీ వదల్లేదు. ఆ సంవత్సరమే ఒక ప్రదర్శన పెట్టి, దేశాన్ని నిర్మించింది ఈ పనిముట్లేనన్న అర్థం వచ్చేటట్టు దానికి పేరు పెట్టాడు. యుద్ధాల, రాజుల చరిత్ర తప్ప ఇంకోటి చరిత్ర కాదనుకునే రోజులవి. చెత్త పోగుచేస్తున్నాడని నవ్వినవాళ్ళుకూడా లేకపోలేదు. సామాను పెరిగింది. నిప్పంటుకుంటే అంతా బూడిదే. అందుకని 1913నుంచి 1916దాకా పూర్తిగా కాంక్రీటుతో కోటలాంటి మ్యూజియం కట్టించాడు. అంతకుముందే తన 44 గదుల ఇల్లు అలాగే కట్టుకున్నాడు. పదిమందికి మించని కూలీలు, కాంక్రీటు పైకి లాగడానికి లూసీ అనే గుర్రం. అదీ ఆయన సైన్యం. మ్యూజియంలో సామాను నేలమీద చాలక పైకప్పునుంచికూడా వేలాడదీశారు. తలెత్తి చూస్తే పడవలు, బళ్ళు, కుర్చీలు గాలిలో తేలుతుంటాయి.

మెర్సర్ చేసిన అసలైన పని నా దృష్టిలో ఆ కోట కాదు. ఒక్కొక్క పనిముట్టునూ ఎలా పట్టుకునేవారు, దేనికి వాడేవారు అని తెలిసినవాళ్ళను అడిగి రాసుకున్నాడు. 1929లో పాతకాలపు వడ్రంగి పనిముట్ల మీద పుస్తకం వేశాడు. మరుసటి ఏడు పోయాడు. ఆ పుస్తకం ఇప్పటికీ సరదాపరులు చదువుతూనే ఉన్నారు. అందులో వస్తువుతోపాటు చెయ్యికూడా ఉంది.

ఆ దారినే ఇంకో అడుగు వేసినవాడు రాయ్ అండర్‌హిల్. 1979లో మొదలై మూడు దశాబ్దాలకు పైగా సాగిన టీవీ కార్యక్రమంలో, కరెంటు మిషను ముట్టుకోకుండా పాత పనిముట్లతోనే పనిచేసి చూపించాడు. పాత చిత్రికలు బొమ్మలుగా కాక చిత్రికలుగా మళ్ళీ ఇళ్ళలోకి రావడానికి అలాంటివాళ్ళే కారణం.

బిందెమీద పేరు

ఇంగ్లండులో చెక్క చిత్రికల ముందుభాగంమీద చేసినవాడి ముద్ర ఉంటుంది. దానితోపాటు కొన్నవాడుకూడా తన పేరు అచ్చు గుద్దుకునేవాడు. అతను పోతే కొన్న రెండోవాడు తన పేరు గుద్దేవాడు. ఒక్కొక్క చిత్రికమీద మూడు నాలుగు పేర్లు వరసగా కనబడతాయి. అది చదివినప్పుడు నాకు మన బిందెలు గుర్తొచ్చాయి. మా పెట్టెలో ఇత్తడి చెంబుమీద మా ముత్తవ్వ పేరు, పక్కన మా అమ్మమ్మ పేరు చుక్కలతో చెక్కి ఉన్నాయి. ఏ చరిత్ర పుస్తకంలోనూ లేని ఆడవాళ్ళ పేర్లు గిన్నెలమీద ఉన్నట్టే, ఏ పుస్తకంలోనూ లేని పనివాళ్ళ పేర్లు చిత్రికలమీద ఉన్నాయి.

మన వడ్రంగులు మాత్రం పేరు గుద్దుకున్నట్టు నాకు కనబడలేదు. మా మేస్త్రిగారిని అడిగితే నవ్వి "నా పిడి ఇంకోడి చేతికి కుదరదండి, పేరెందుకండి?" అన్నారు. నిజమే. ఆయన బాడిశ పిడికి బొటనవేలు ఆనేచోట పల్లం పడింది. అదే సంతకం. ఆయన కూర్చునే తీరుకూడా వేరు. నేలమీద కూర్చుని, చెక్కను కాలివేళ్ళతో అదిమిపట్టి పనిచేస్తారు. సీమ రంపం తోసినప్పుడు కోస్తుంది, మన పాతరకం రంపం లాగినప్పుడు కోస్తుంది. జపానువాళ్ళ రంపమూ, చిత్రికా లాగేవే. 1876లో అక్కడి ప్రభుత్వం కత్తులు ధరించడం నిషేధించాక, కత్తులు చేసే కమ్మరులు కొందరు ఉలులు, చిత్రిక కత్తులు చేయడానికి మళ్ళారు. యుద్ధానికి పెట్టిన విద్య తలుపులకూ కిటికీలకూ ఉపయోగపడింది. విద్య చచ్చిపోకుండా బతుకుతెరువు మార్చుకుందన్నమాట.

నేను మిషన్లకు శత్రువును కాను. రోజంతా టేకు దూలాలు చిత్రిక పట్టి సాయంత్రానికి భుజం ఎత్తలేని మనిషికి కరెంటు చిత్రిక దేవుడు. మా మేస్త్రిగారి మనవడు మిషనుమీదే పనిచేస్తాడు, బాగా చేస్తాడు. తిరగలి పోయినందుకు ఏ ఇల్లాలూ ఏడవలేదు గదా! నాకు సరదా అయినది వాళ్ళకు కడుపుకూడు. ఆ తేడా మరిచిపోయి పాతరోజులే బంగారమనడం, కూర్చుని తినేవాళ్ళు మాట్లాడే మాట. అయినా ఆ మనవడిని ఒకరోజు కూర్చోబెట్టి మేస్త్రిగారు సానపట్టడం నేర్పుతుంటే నేనూ పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను. ఉలి అంచును 25-30 డిగ్రీల వాలులో రాతిమీద ఆనించడం, అవతలివైపు సన్నని పీచు లేచిందాకా రుద్దడం, తిప్పి ఆ పీచును రాలగొట్టడం, చివరకు తోలుముక్కమీద నాలుగుసార్లు లాగడం. మాటల్లో ఇంతే. చేతికి రావడానికి నాకు వర్షాకాలమంతా పట్టింది. పదును వచ్చిందో లేదో రాతిమీది చప్పుడునుబట్టి ఆయన గోడ అవతలనుంచే చెప్పేవారు. ఆ చెవిని ఏ మ్యూజియంలో పెడతాం?

కనుక మీ అటకమీద ఏ ఉలో, చిత్రికో, బాడిశో దొరికితే పాత ఇనుము కింద తూకానికి వెయ్యకండి. కిరసనాయిలు గుడ్డతో తుడవండి. మరీ మెరిపించి పెళ్ళికూతుర్ని చెయ్యకండి, పిడిమీది నలుపు చేతి చెమటతో వచ్చింది, అది ఉండనివ్వండి. అది ఎవరిదో, దేనికి వాడేవారో తెలిసిన పెద్దవాళ్ళింకా ఉంటే ఇవాళే అడిగి ఒక కాగితంమీద రాసి దానికి కట్టండి. వీలైతే సానపట్టించి ఇంట్లో పిల్లలచేత, ఆడపిల్లలచేతకూడా, ఒక చెక్క చెక్కించండి. దసరాకు మనం పనిముట్లు కడిగి, బొట్టుపెట్టి, ఆయుధపూజ చేస్తాం. ఆ ఒక్కరోజూ వాటిని పనిలో పెట్టం. ఒక్కరోజే సుమండీ. మర్నాడు తీసి పనిలో పెట్టాలనే పెద్దలు పెట్టిన నియమం.